బాగానే పనిచేస్తున్న పిస్టల్‌ని సైన్యాలు ఎందుకు మార్చేస్తాయి?

సందేహాల_సుబ్బు
ఒక విషయం బుర్రకెక్కట్లేదు. బ్రిటిష్ సైన్యం 1954 నుంచి బ్రౌనింగ్ హై-పవర్ వాడింది. 13 తూటాలు, 9 ఎంఎం, ఎవర్ని అడిగినా మంచి తుపాకీ అనే అంటారు. 2013లో దాన్ని పక్కనపెట్టి గ్లాక్ 17 తీసుకున్నారు. అదీ 9 ఎంఎమ్మే! తూటా మారనప్పుడు తుపాకీ మార్చడం దేనికి? అమెరికా వాళ్ళు 1911 వదిలి బెరెట్టాకి, అక్కణ్ణుంచి సిగ్‌కి పోయారు. ఫ్రాన్స్ వాళ్ళు సొంత దేశంలో చేయించుకున్నవి కాదని 2020లో ఆస్ట్రియా నుంచి దాదాపు 75 వేల గ్లాక్‌లు తెప్పించుకున్నారు. రైఫిళ్ళు, డ్రోన్లు ఉండగా యుద్ధంలో పిస్టల్‌తో కాల్చేది ఎంతమందిని? నాకైతే కంపెనీల వ్యాపారమే కనిపిస్తోంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

నాటు_కోడి
కమీషన్లు. ఇందులో చర్చకేముంది, తాళం వేసేయండి.

ఆర్మరర్_తాత
తాళం తర్వాత వేద్దువుగానీ కాస్త ఆగు నాయనా. సైన్యం మరమ్మతుల విభాగం ఈఎంఈలో ఆర్మరర్‌గా చేసి రిటైరయ్యాను, సికింద్రాబాద్‌లోనే స్థిరపడ్డాను. తుపాకులు విప్పి బిగించడంతోనే సర్వీసంతా గడిచింది. బయటివాళ్ళు పిస్టల్ అనగానే తూటా ఎంత లావు, ఎంత దూరం పోతుంది అని అడుగుతారు. మేం చూసేది స్ప్రింగు, ఎక్స్‌ట్రాక్టర్, ఫైరింగ్ పిన్ను, మ్యాగజైన్ మూతి. కోత్‌లో (తుపాకులు దాచే గదిలో) ఉన్న పిస్టళ్ళన్నీ సమానంగా అరుగుతాయనుకోకండి. ఫైరింగ్ రోజు తలుపు పక్క ర్యాకులో ఏవుంటే అవే తీస్తారు. ఏళ్ళ తరబడి అవే కాలతాయి, అవే అరుగుతాయి. లోపలి ర్యాకులవి నూనె పూసుకుని కూర్చుంటాయి. రిజిస్టర్‌లో మాత్రం అన్నిటికీ ఒకటే వయసు. స్పేర్లు రావడం ఆగిపోయాక రెండు చెడిపోయినవి విప్పి ఒకటి నిలబెట్టడం మొదలవుతుంది. ఆ గతి పట్టాక అది ఎంత మంచి తుపాకీ అయినా సాగనంపాల్సిందే.

నాటు_కోడి
అంటే మా నాన్న చేతక్ స్కూటర్ కథే. బండి బంగారం, స్పేర్లు దొరకవు.

డల్లాస్_రాజు
తాతగారు చెప్పింది సగం. బ్రిటన్ విషయంలో మిగతా సగం అఫ్గానిస్తాన్‌లో ఉంది. హై-పవర్‌లో మొదటి తూటా పేలాలంటే హామర్ (వెనకుండే సుత్తి) ముందే వెనక్కి లాగి ఉండాలి. అలా లాగి, సేఫ్టీ వేసి నడుముకి తగిలించుకోవడం సైన్యాలకి ఇష్టం ఉండదు. కాబట్టి ఛాంబర్ (తూటా పేలే గది) ఖాళీగా ఉంచి తిరగమంటారు. అవసరం వచ్చినప్పుడు తీయాలి, స్లైడ్ (పైన జరిగే భాగం) లాగాలి, అప్పుడు కాల్చాలి. రెండు చేతులూ కావాలి.

సుబ్బు గారూ, యుద్ధంలో పిస్టల్ ఎవరికి అన్నారు కదా. అఫ్గానిస్తాన్‌లో బ్రిటిష్ వాళ్ళు ట్రైనింగ్ ఇస్తున్న స్థానిక సైనికుల్లో, పోలీసుల్లో కొందరు ఉన్నట్టుండి వీళ్ళ మీదే కాల్పులు జరిపారు. 2012లో అలాంటి దాడులు బాగా పెరిగాయి. మీటింగ్‌లో కూర్చున్నప్పుడు, టీ తాగుతున్నప్పుడు రైఫిల్ ఒళ్ళో ఉండదు, నడుముకున్న పిస్టలే దిక్కు. గ్లాక్‌ని ఛాంబర్ నింపి ఉంచుకోవచ్చు, తీసి ట్రిగ్గర్ లాగడమే. పైగా 17 తూటాలు, బరువు పావు కిలోకి పైగా తక్కువ. తూటా మారలేదన్న మాట నిజమే, మొదటి తూటా పేలడానికి పట్టే టైము మారింది.

సందేహాల_సుబ్బు
ఇది నాకు తట్టలేదు. మరి ఆ పని 1990ల్లోనే చేయొచ్చుగా? గ్లాక్ అప్పటికే ఉంది కదా.

డల్లాస్_రాజు
ఉంది. గ్యాస్టన్ గ్లాక్ అంతకుముందు కత్తులు, కర్టెన్ రాడ్లు చేసిన మనిషి. 1980ల మొదట్లోనే ఆస్ట్రియా సైన్యం పాత వాల్తర్ పీ38ల బదులు ఆయన పిస్టల్ తీసుకుంది. 1985లో నార్వే కొంది. బ్రిటన్‌కి మాత్రం ప్రాణాల మీదకి వచ్చేదాకా తొందర పడలేదు.

నాటు_కోడి
కర్టెన్ రాడ్లా!! మా వీధి ఫర్నిచర్ షాపాయనకి చెప్పాలి, ఇంకా టైముంది అని.

లెక్కల_మాస్టారు
కర్టెన్ రాడ్లకే ఆశ్చర్యపోతే కెనడా సంగతి వినండి. రెండో ప్రపంచ యుద్ధంలో టొరాంటోలోని ఇంగ్లిస్ కంపెనీ హై-పవర్లు చేసింది. యుద్ధం అయ్యాక అదే కంపెనీ వాషింగ్ మెషీన్లకి పేరుపడింది. కెనడా సైన్యం మాత్రం ఆ 1944-45 నాటి పిస్టళ్ళనే ఈమధ్య సిగ్ పీ320 వచ్చేదాకా, అంటే ముప్పావు శతాబ్దం పైన లాగించింది. కమీషన్ల కోసమే మార్చేవాళ్ళైతే అన్నాళ్ళు ఆగుతారా @నాటు_కోడి?

నాటు_కోడి
కమీషన్ ఎవరికివ్వాలో తేలక ఆగారేమో మాస్టారు.

లెక్కల_మాస్టారు
నీతో పెట్టుకోకూడదు. సరే, అమెరికా విషయం మొదటినుంచీ చూద్దాం, ఎందుకంటే తూటా కోసమే పిస్టల్ మార్చిన సందర్భం కూడా ఒకటుంది. ఫిలిప్పీన్స్‌లో మోరో యోధులతో తలపడినప్పుడు .38 రివాల్వర్ తూటాలు తగిలినా మనిషి ఆగకుండా మీదకి వచ్చేస్తున్నాడని సైనికులు మొత్తుకున్నారు. 1904లో థాంప్సన్ అనే అధికారి, లగార్డ్ అనే సైనిక వైద్యుడు కలిసి షికాగో కబేళాల్లో పశువుల మీద, ఆపైన శవాల మీద రకరకాల తూటాలు కాల్చి చూశారు. తూటా లావు .45 అంగుళానికి తగ్గకూడదని తేల్చారు. ఈనాటి లెక్కలో దాన్ని పరీక్ష అనడానికే నాకు మనసొప్పదు, కానీ జాన్ బ్రౌనింగ్ డిజైన్ చేసిన ఎం1911 అలా వచ్చింది. 1985 దాకా ఉంది.

సందేహాల_సుబ్బు
అంత కష్టపడి .45 తెచ్చుకున్నవాళ్ళు మళ్ళీ చిన్న తూటాకి ఎందుకు దిగారు?

లెక్కల_మాస్టారు
నాటో. కూటమిలో మిగతావాళ్ళందరిదీ 9 ఎంఎం. ఒకే రకం తూటా ఉంటే ఎవరి డిపోలోంచైనా ఎవరైనా తీసుకోవచ్చు. ఇంకోటి, అమెరికా ప్రభుత్వం 1911లు ఆఖరుసారి కొన్నది 1945లో. 1980లకి వచ్చేసరికి అన్నీ ముసలివే, విప్పి బాగుచేసి నెట్టుకొస్తున్నవే. ఎయిర్ ఫోర్స్ దగ్గర .38 రివాల్వర్లు, ఆర్మీ దగ్గర .45లు, ఎవరి స్పేర్లు వాళ్ళవి. ఇన్ని రకాలేంటని 1978లో పార్లమెంటు కమిటీయే నిలదీసింది.

ఆర్మరర్_తాత
చూశారా, మళ్ళీ స్టోర్స్ దగ్గరికే వచ్చాం. 😀

ఎల్1_బాధితుడు
నేను టెండర్ల డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తాను (తుపాకులవి కాదు, పైపులవి). మీరెవరూ ధర మాట ఎత్తట్లేదు. 1984 పరీక్షల్లో చివరికి మిగిలినవి రెండే, బెరెట్టా 92, సిగ్ పీ226. రెండూ పాసయ్యాయి. స్పేర్లు, మ్యాగజైన్లు కలిపి లెక్కేస్తే బెరెట్టా చవక, దానికే ఇచ్చారు. 2017లో బెరెట్టా బదులు కొత్తది కొన్నప్పుడు తిరగబడింది. సిగ్ వాళ్ళు వేసింది 16.95 కోట్ల డాలర్లు, గ్లాక్ వాళ్ళది 27.22 కోట్లు. గ్లాక్ అభ్యంతరం పెట్టింది, పరీక్షలు పూర్తిగా చేయకుండానే తేల్చేశారని. ఆ జూన్‌లో ప్రభుత్వ ఖర్చుల్ని తనిఖీ చేసే సంస్థ జీఏఓ దాన్ని కొట్టేసింది. నాటు_కోడి అన్నట్టు కమీషన్ కాదు, ఎల్1, అంటే అందరికంటే తక్కువ ధర వేసినవాడు.

ఇంకో ముచ్చట. ఆ కొనుగోలు నిబంధనల కట్ట 350 పేజీలు దాటింది. పరీక్షలకే రెండేళ్ళు, 1.7 కోట్ల డాలర్లు. అప్పటి ఆర్మీ చీఫ్ మార్క్ మిల్లీ 2016లో బహిరంగంగానే విరుచుకుపడ్డాడు, ఆ డబ్బు నా చేతికిస్తే షాపుకెళ్ళి నేనే కొనుక్కొస్తా అనే అర్థంలో.

కరీంనగర్_కుర్రోడు
350 పేజీలా? ఏం రాసిన్రు అన్న గండ్ల? పిస్టల్‌ది కథ రాసిన్రా?

ఎల్1_బాధితుడు
తమ్ముడూ, నువ్వు ప్రభుత్వ టెండర్ ఎప్పుడూ చదవలేదన్నమాట. మా దగ్గర వాల్వుకే అంతుంటుంది.

కిల్లీన్_వదిన
గ్రీన్ కార్డు వచ్చాక ఆర్మీలో చేరాను, సప్లై విభాగం. అసలు విషయం ఒకటి అందరూ వదిలేశారు, చేతి సైజు. ఎం9లో (బెరెట్టా 92కి ఆర్మీ పేరు) తూటాలు రెండు వరసల్లో ఉంటాయి, అందువల్ల గ్రిప్ లావు. మొదటి తూటాకి ట్రిగ్గర్ పొడవుగా, బరువుగా లాగాలి. చిన్న చేతులున్నవాళ్ళు, ఆడవాళ్ళే కాదు చాలామంది మగవాళ్ళు కూడా, వేలి కొనతో లాగుతారు, తుపాకీ పక్కకి తిరుగుతుంది. నేను రేంజ్‌లో మార్కులు తెచ్చుకునేదాన్ని గానీ మొదటి గుండు ఎప్పుడూ ఎడమకే.

2017 నాటి కొత్త పిస్టల్ ప్రకటనలో మాడ్యులర్ అన్న మాట ఉత్తిది కాదు. పీ320లో సీరియల్ నంబరున్న అసలు భాగం లోపలుండే చిన్న ఇనుప చట్రం. బయటి ప్లాస్టిక్ గ్రిప్ చిన్నది, మధ్యరకం, పెద్దది, ఏది కావాలంటే అది తొడుక్కోవచ్చు. టార్చ్ తగిలించే రైలు ఉంది, స్లైడ్ మీద ఆప్టిక్ (గురి చూసే అద్దం) పెట్టే చోటుంది. 1985 తుపాకీలో అవి లేవు, తర్వాత అతికించినవాటితో సర్దుకున్నారు.

డల్లాస్_రాజు
+1 వదిన గారూ. ఎం9 సేఫ్టీ స్లైడ్ మీదే ఉండటం కూడా గోలే. కంగారులో స్లైడ్ లాగేటప్పుడు చెయ్యి తగిలి సేఫ్టీ పడిపోతుంది, ట్రిగ్గర్ లాగితే ఏమీ జరగదు.

బొబ్బిలి_పులి
బెరెట్టాని మరీ తీసిపారేయకండి. 30 ఏళ్ళు మోసింది. ఇరాక్‌లో ఇరుక్కుపోతోందని చెడ్డపేరు వచ్చింది, తీరా చూస్తే చవగ్గా వేరే చోట చేయించిన మ్యాగజైన్ల గరుకు పూతకి ఇసుక పట్టేయడం. తుపాకీది కాదు తప్పు. మళ్ళీ మన ఎల్1 గారి శాఖే!

సందేహాల_సుబ్బు
స్లైడ్ విరిగి మొహం మీదకి వచ్చిందని ఎక్కడో చదివా, అది కూడా మ్యాగజైనేనా?

బొబ్బిలి_పులి
కాదు, అది నిజంగా జరిగింది. 1980ల చివర్లో అమెరికా నేవీ కమాండోలు సీల్స్ దగ్గర స్లైడ్లు విరిగి వెనక సగం కాల్చేవాడి మొహానికి తగిలింది. వాళ్ళు వేలకి వేలు కాలుస్తారు, అదీ మామూలుకంటే ఘాటు తూటాలని కంపెనీ వాదన. ఇటలీ ఉక్కు రుచి చూడందే సీల్ కాలేవని వాళ్ళలో వాళ్ళకి జోకు. తర్వాత స్లైడ్ విరిగినా ఎగిరి రాకుండా హామర్ పిన్ను తల పెద్దది చేశారు, 92ఎఫ్‌ఎస్ అంటే అదే. సీల్స్ మాత్రం ఆగలేదు, ఓడిపోయిన సిగ్ పీ226నే తెచ్చుకున్నారు.

లెక్కల_మాస్టారు
ఘాటు తూటా అనగానే స్వీడన్ గుర్తొచ్చింది, ఈ టాపిక్‌లో నాకు బాగా నచ్చిన కథ. వాళ్ళది లాటి డిజైన్ ఎం/40 పిస్టల్, 9 ఎంఎం. వాళ్ళ సబ్‌మెషీన్ గన్‌ది కూడా 9 ఎంఎం. ఒకే తూటా ఉంటే సుఖం కదా అని సబ్‌మెషీన్ గన్ కోసం చేసిన ఘాటు తూటా పిస్టల్‌కీ వేశారు. పిస్టళ్ళు పగుళ్ళిచ్చాయి. 1980ల్లో వాటిని వెనక్కి తీసుకుని, గోడౌన్లోంచి అంతకంటే పాత 1907 మోడల్ బయటికి తీసి ఇచ్చారు! ఆ తర్వాత గ్లాక్ వచ్చింది, పిస్టల్ 88 పేరుతో. కొత్తది కొనడానికి ముందు తాతని పిలిచిన సైన్యం అదొక్కటే అనుకుంటా.

ఆర్మరర్_తాత
తాతల్ని పిలిస్తే తప్పేం లేదు మాస్టారు.

నాటు_కోడి
😂😂 తాతగారు ఫైర్

విజయవాడ_వోల్గా
రష్యా వాళ్ళ లెక్క వేరేలా ఉంటుంది. టోకరెవ్ టీటీ-33 తూటా ఎక్కడికైనా దూసుకుపోతుంది, అలాంటిదాన్ని పక్కనపెట్టి 1951లో మకరోవ్ తీసుకున్నారు. చిన్న తూటా, 8 రౌండ్లు, బలం తక్కువ. మనకి వెనకడుగు అనిపిస్తుంది. కానీ అప్పటికి కలాష్నికోవ్ వచ్చేసింది, పోరాటం దానిది. పిస్టల్ అధికారి రోజంతా నడుముకి మోసేది, అందుకని చిన్నదిగా, తేలిగ్గా చేయగలిగేదిగా, సేఫ్టీ ఉన్నదిగా ఉంటే చాలన్నారు. టోకరెవ్‌కి విడిగా సేఫ్టీయే లేదు. ఒళ్ళు కాపాడే కవచాలు మామూలయ్యాక మకరోవ్ సరిపోవట్లేదని 2003లో యారిగిన్ పిస్టల్ తీసుకున్నారు, అది మన 9 ఎంఎం కొలతే. అయినా మకరోవ్ ఇంకా చాలామంది నడుముల మీద కనిపిస్తూనే ఉంది.

ఆర్మరర్_తాత
సేఫ్టీ మాట వచ్చింది కాబట్టి రాజుతో నాకో పేచీ ఉంది. గ్లాక్‌కి బయట మీట లేదు, ట్రిగ్గర్ మీదే చిన్న నాలుక. దాన్ని నువ్వు గొప్ప అంటున్నావు. ఏడాదికి ఒకటి రెండుసార్లు రేంజ్‌కి వచ్చి పట్టుకునే కుర్రాడి చేతికి అది ఇస్తే నాకు నిద్ర పట్టదు. తుపాకీ అప్పగించేటప్పుడు, అన్‌లోడ్ చేసేటప్పుడు పేలినవే ఎక్కువ చూశాను నా సర్వీసులో, శత్రువు ఎదురుగా ఉన్నప్పుడు కాదు.

డల్లాస్_రాజు
తాతగారూ, అది ట్రైనింగ్ లోపం అంటాను నేను. మీట ఉంటే మనిషి మీటని నమ్ముకుంటాడు, వేలిని అదుపులో పెట్టుకోడు.

కిల్లీన్_వదిన
అమెరికా ఆర్మీ తాతగారి వైపే. ఎం17, ఎం18లకి (పీ320కి సైన్యం పేర్లు) బొటనవేలి సేఫ్టీ ఉండాల్సిందేనని అడిగి పెట్టించుకున్నారు.

డల్లాస్_రాజు
పెట్టించుకుని ఏం లాభం వదిన గారూ, పీ320 మీద ఇప్పుడు నడుస్తున్న గొడవంతా ఏంటి మరి?

బొబ్బిలి_పులి
ఆ గొడవని రెండుగా విడదీయాలి. ఒకటి, ఓ కోణంలో కింద పడితే పేలడం. అది ఆర్మీ పరీక్షల్లోనే బయటపడింది, ట్రిగ్గర్ భాగాలు తేలిక చేసి సరిచేశారు, బయట అమ్మినవాటికి కూడా 2017 ఆగస్టులో కంపెనీ మార్పిడి మొదలుపెట్టింది. రెండోది, ఎవరూ ట్రిగ్గర్ ముట్టకుండానే హోల్‌స్టర్‌లో పేలిందని పోలీసులు, మామూలు జనం వేసిన కేసులు. కంపెనీ ఒప్పుకోవట్లేదు. 2025 జులైలో వ్యోమింగ్‌లోని ఎయిర్ ఫోర్స్ బేస్‌లో ఎం18 పేలి ఒకరు చనిపోతే ఆ బేస్‌ని నడిపే కమాండ్ వాటి వాడకం ఆపేసింది. తర్వాత ఆ కేసులో తోటి సైనికుడొకర్ని అరెస్టు చేశారు, ఆగస్టులో పిస్టళ్ళు మళ్ళీ చేతికిచ్చారు. ఒక్క ఘటన పట్టుకుని అటూ ఇటూ తీర్పులు చెప్పొద్దు.

సందేహాల_సుబ్బు
హోల్‌స్టర్‌లో పేలే అనుమానం ఒక్కటి చాలు కదా జవానుకి నమ్మకం పోవడానికి. నమ్మకం పోతే అదీ మార్చడానికి కారణమేగా?

బొబ్బిలి_పులి
కారణమే. ఆ నమ్మకాన్ని 350 పేజీల్లో ఎక్కడా కొలవలేరు.

కరీంనగర్_కుర్రోడు
అన్నా అందరి దేశాలూ అయినయ్, మన ఆర్మీ ఏం వాడ్తది? ఎవలూ చెప్తలేరు.

ఆర్మరర్_తాత
మనది పిస్టల్ ఆటో 9 ఎంఎం 1ఎ. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో చేస్తారు. రూపం చూస్తే సుబ్బు మొదటి పోస్టులో ఏడ్చిన హై-పవరే. 13 తూటాలు, అదే సింగిల్ యాక్షన్, అంటే హామర్ ముందే లాగి ఉండాలి. అంతకుముందు వెబ్లీ, ఎన్‌ఫీల్డ్ .38 రివాల్వర్లు. 9 ఎంఎంకి మారితే ఒక సుఖం ఉంది, కాన్పూర్‌లో చేసే 9 ఎంఎం కార్బైన్ అనే పొట్టి తుపాకీకీ దీనికీ ఒకటే తూటా. స్వీడన్ వాళ్ళ తిప్పలు మేం పడలేదు. ఎన్‌ఎస్‌జీ వాళ్ళ దగ్గర గ్లాక్‌లున్నాయి. మామూలు యూనిట్‌లో అధికారి కూడా ఆపరేషన్‌కి వెళ్తే భుజాన ఏకే వేసుకునే వెళ్తాడు, నడుము మీద పిస్టల్ రెండోది. రెండోదానికి డబ్బులు చివర్లోనే వస్తాయి. ముందు రైఫిల్, హెల్మెట్, జాకెట్, రాత్రి చూసే అద్దాలు, అన్నీ అయ్యాక.

ఎస్సై_గారబ్బాయి
మా నాన్నగారికి స్టేషన్‌లో ఇచ్చింది .38 రివాల్వరే, లాన్యార్డ్ తాడు భుజానికి తగిలించి. పిస్టల్ ఇస్తామన్నా ఆయన వద్దన్నారట. రివాల్వర్‌లో తూటా పేలకపోతే మళ్ళీ నొక్కితే పక్క గది తిరిగి వస్తుంది, స్లైడ్ లాగి తంటాలు పడక్కర్లేదు అనేవారు. అన్నాళ్ళు మందుగుండు గదిలో మగ్గిన తూటాల్ని ఆయన అంతగా నమ్మేవారు కాదు మరి.

ఆర్మరర్_తాత
మీ నాన్నగారు తెలివైనవారు.

డల్లాస్_రాజు
మరి మనవాళ్ళూ 1ఎ బదులు కొత్తది కొనాలా వద్దా తాతగారూ, సూటిగా చెప్పండి.

ఆర్మరర్_తాత
సూటిగానా? ఛాంబర్ ఖాళీగా ఉంచి తిరగమనే చోట కొత్త పిస్టల్ ఇచ్చినా అలాగే తిరగమంటారు. ముందు ప్రాక్టీసుకి తూటాలు పెంచమను. టెర్రరిస్టు ఆపరేషన్లకి, కాన్వాయ్‌లకి వెళ్ళేవాళ్ళకి కొత్తవి ఇవ్వాలి, అందులో అనుమానం లేదు. ఆఫీసులో ఫైలు పక్కన పెట్టుకునేవాడికి 1ఎ ఇంకో పదేళ్ళు చాలు, స్పేర్లు టైముకి పంపితే.

కిల్లీన్_వదిన
సప్లై మనిషిగా ఒప్పుకోను. రెండు రకాలుంటే రెండు రకాల స్పేర్లు, మ్యాగజైన్లు, హోల్‌స్టర్లు, రెండు ట్రైనింగులు. 1978లో అమెరికా పార్లమెంటు కమిటీ తిట్టింది దానికే కదా, మాస్టారు పైన రాశారు. మారిస్తే అందరికీ మార్చాలి.

ఆర్మరర్_తాత
అమ్మా, అందరికీ అంటే ఎవరికీ రావు. నలభై ఏళ్ళు చూశాం.

ఎల్1_బాధితుడు
తాతగారిది అనుభవం, వదిన గారిది రూల్ బుక్. టెండర్ కమిటీలో కూర్చుంటే ఇద్దరూ సంతకం పెట్టరు.

కరీంనగర్_కుర్రోడు
మన హైదరాబాద్ల అస్మీ అని చేస్తున్నరు కదా, లోకేశ్ మెషీన్స్‌ల? డీఆర్‌డీవోది. 2024ల నార్తర్న్ కమాండ్‌కి 550 ఇచ్చిన్రు. గదే అందరికీ ఇస్తే అయిపాయె.

బొబ్బిలి_పులి
అది మెషీన్ పిస్టల్ తమ్ముడూ. 9 ఎంఎమ్మే గానీ మ్యాగజైన్‌లో 33 తూటాలు, బరువు కూడా ఎక్కువే. నడుముకి పెట్టుకునేది కాదు, కార్బైన్ చేసే పని చేస్తుంది. దానికి వేరే టాపిక్ తెరువు, నేను వచ్చి రాస్తా.

కరీంనగర్_కుర్రోడు
తెరుస్తున్న. తాత, నువ్వు గూడ రావాలె.

నాటు_కోడి
నేను కూడా వస్తున్నా, కమీషన్ ఎంతో తెలుసుకోడానికి.